రెండు ప్రాంతీయ విమానాశ్రయాల మధ్య దూరాన్ని, ప్రయాణ సమయాన్ని సరిగ్గా లెక్కకట్టడం ఎలా?

రెండు విమానాశ్రయాల మధ్య ఎంత దూరం ఉంది, ఎంతసేపు పడుతుంది అని వెతికినప్పుడు మనకు సాధారణంగా ఒక జత అంకెలు దొరుకుతాయి. గంటల తరబడి సాగే సుదూర ప్రయాణాలకు ఆ అంకెలతో పని గడిచిపోతుంది. రెండు మూడు వందల కిలోమీటర్ల ప్రాంతీయ మార్గాలకు వచ్చేసరికి మాత్రం అవే అంకెలు మనల్ని తప్పుదోవ పట్టిస్తాయి. దూరాన్ని విమానం వేగంతో భాగిస్తే వచ్చే సమయానికీ, విమానం తలుపు మూసినప్పటి నుంచి మళ్లీ తెరిచే దాకా నిజంగా గడిచే సమయానికీ మధ్య ఉండే తేడా సుదూర ప్రయాణంలో పదో వంతు కూడా ఉండకపోవచ్చు గానీ, దగ్గరి ప్రయాణంలో అది మొత్తం సమయంలో మూడో వంతును దాటిపోతుంది. అందువల్ల ఇలాంటి మార్గాలకు లెక్క మనమే వేసుకోవడం మంచిది. కాగితం, సైన్, కొసైన్ మీటలున్న క్యాలిక్యులేటరు ఉంటే చాలు.

వివరణ అంతా ఒకే ఉదాహరణ మీద నడిపితే తేలిగ్గా అర్థమవుతుంది కనుక స్కాట్లండ్ తూర్పు తీరంలోని ఆబర్డీన్ విమానాశ్రయాన్నీ, అక్కడికి ఉత్తరాన షెట్లాండ్ దీవుల దక్షిణపు కొసన ఉన్న సంబరా విమానాశ్రయాన్నీ తీసుకుంటున్నాను. రెండింటి మధ్యా సముద్రమే ఉంది కాబట్టి రోడ్డు దూరంతో కలగాపులగం అయ్యే ప్రమాదం లేదు. పైగా ఉత్తర ధ్రువానికి దగ్గరయ్యే కొద్దీ రేఖాంశాల మధ్య ఎడం తగ్గిపోవడం ఇక్కడ స్పష్టంగా కనబడుతుంది.

ముందుగా ఏ విమానాశ్రయమో తేల్చుకోవాలి

ఈ మెట్టును చాలామంది దాటేస్తారు. ఊరి పేరుతో కాకుండా కోడ్‌తో వెతకడం అలవాటు చేసుకోవాలి. టికెట్ల మీద కనిపించే మూడక్షరాల కోడ్‌ను విమానయాన సంస్థల అంతర్జాతీయ సంఘమైన ఐఏటీఏ ఇస్తుంది, వైమానిక పటాలలో వాడే నాలుగక్షరాల కోడ్‌ను ఐక్యరాజ్యసమితి పౌర విమానయాన సంస్థ ఐసీఏఓ నిర్దేశిస్తుంది. ఆబర్డీన్‌కు ఇవి ఏబీజెడ్, ఈజీపీడీ కాగా, సంబరాకు ఎల్ఎస్ఐ, ఈజీపీబీ. ఒకే పేరుతో రెండు ఊళ్లు ఉన్నప్పుడు కోడ్ చూడకపోతే ఏమవుతుందో సిడ్నీ పేరు చెబుతుంది. ఆస్ట్రేలియాలోని సిడ్నీ కోడ్ ఎస్‌వైడీ, కెనడాలోని నోవా స్కోషియా రాష్ట్రంలో ఉన్న చిన్న సిడ్నీ కోడ్ వైక్యూవై. మొదటిదానికి బయలుదేరి రెండోదానిలో దిగిన ప్రయాణికులు నిజంగానే ఉన్నారు.

కోడ్ తేలాక అక్షాంశ రేఖాంశాలు తీసుకోవాలి. ప్రతి దేశపు విమానయాన యంత్రాంగం ప్రచురించే వైమానిక సమాచార గ్రంథంలో ప్రతి విమానాశ్రయానికీ ఒక ఆధార బిందువు ఇచ్చి ఉంటుంది. అది సాధారణంగా విమానాశ్రయ భూభాగపు మధ్యభాగానికి దగ్గరగా ఉంటుంది. ప్రయాణికులు ఎక్కే భవనం దగ్గరా ఉండదు, ఊరి నడిబొడ్డునా ఉండదు. షెట్లాండ్‌లో ముఖ్య పట్టణం లెర్విక్ కాబట్టి చాలామంది ఆబర్డీన్ నుంచి లెర్విక్‌కు దూరం అడుగుతారు, అయితే సంబరా నుంచి లెర్విక్‌కు రోడ్డు మీద దాదాపు 40 కిలోమీటర్లు వెళ్లాలి. ఊరి నుంచి ఊరికి దూరం, విమానాశ్రయం నుంచి విమానాశ్రయానికి దూరం అనేవి రెండు వేర్వేరు ప్రశ్నలని ఇక్కడే గుర్తుంచుకోవాలి.

దూరం కట్టే పద్ధతి

ఆబర్డీన్ స్థానం 57 డిగ్రీల 12 నిమిషాల ఉత్తర అక్షాంశం, 2 డిగ్రీల 12 నిమిషాల పశ్చిమ రేఖాంశం. సంబరా స్థానం 59 డిగ్రీల 53 నిమిషాల ఉత్తరం, 1 డిగ్రీ 18 నిమిషాల పశ్చిమం. ఇక్కడ నిమిషం అంటే కాలం కాదు, డిగ్రీలో అరవయ్యో వంతు. కాబట్టి లెక్కలోకి దిగే ముందు నిమిషాలను 60తో భాగించి దశాంశాలుగా మార్చాలి. 57 డిగ్రీల 12 నిమిషాలు 57.20 అవుతుంది, 59 డిగ్రీల 53 నిమిషాలు 59.88 అవుతుంది. రేఖాంశాలు 2.20, 1.30 అవుతాయి.

ఈ ఒక్క విషయంలో ఎంత జాగ్రత్త పడినా తక్కువే. నేను తొలిసారి కొన్ని మార్గాలకు దూరాల పట్టిక తయారుచేసినప్పుడు నిమిషాలను భాగించకుండా చుక్క పక్కన అలాగే రాసుకుపోయాను. 57 డిగ్రీల 12 నిమిషాలను 57.12 అని, 59 డిగ్రీల 53 నిమిషాలను 59.53 అని రాయడమన్నమాట. ఆ పొరపాటు ఇక్కడ చేస్తే 302 రావలసిన చోట 273 కిలోమీటర్లు వస్తుంది. జవాబు చూడటానికి నమ్మదగినట్టే ఉంటుంది కాబట్టి తప్పు ఎవరికీ కనబడదు. పట్టిక పూర్తయ్యాక ఒక మార్గాన్ని పటం మీద కొలిచి చూసినప్పుడు గానీ నాకు విషయం తెలియలేదు. అప్పటి నుంచి దశాంశ భాగం 60 దాటిన అంకె పట్టికలో ఒక్కటైనా ఉందా అని ముందు చూసుకుంటాను. నిమిషాలు ఎన్నడూ 59 దాటవు కనుక, పట్టిక మొత్తంలో అలాంటి అంకె ఒక్కటీ లేకపోతే భాగించడం మరిచినట్టే.

ఐదు వందల కిలోమీటర్ల లోపు దూరాలకు భూమిని బల్లపరుపుగా భావించి లెక్క వేసినా ఫలితం దాదాపు సరిగ్గానే వస్తుంది. అక్షాంశంలో ఒక డిగ్రీ ఎక్కడైనా దాదాపు 111.2 కిలోమీటర్లు ఉంటుంది. మన రెండు విమానాశ్రయాల అక్షాంశాల తేడా 2.68 డిగ్రీలు కాబట్టి ఉత్తర దక్షిణ దిశలో దూరం 298 కిలోమీటర్లు. రేఖాంశాల తేడా 0.90 డిగ్రీలు. అయితే రేఖాంశపు డిగ్రీ భూమధ్యరేఖ దగ్గర మాత్రమే 111 కిలోమీటర్లు ఉంటుంది, ధ్రువం వైపు వెళ్లేకొద్దీ అక్షాంశపు కొసైన్ నిష్పత్తిలో కుంచించుకుపోతుంది. రెండు అక్షాంశాల సగటు 58.54 డిగ్రీలు, దాని కొసైన్ 0.522. కాబట్టి అక్కడ ఒక రేఖాంశపు డిగ్రీ 58 కిలోమీటర్లే, 0.90 డిగ్రీలకు తూర్పు పడమర దూరం 52 కిలోమీటర్లు. 298 వర్గాన్నీ 52 వర్గాన్నీ కూడి వర్గమూలం తీస్తే 302 కిలోమీటర్ల పైచిలుకు వస్తుంది.

ఇంకా ఎక్కువ దూరాలకు భూమి గుండ్రదనాన్ని లెక్కలోకి తీసుకునే హావర్‌సైన్ సూత్రం వాడాలి. అక్షాంశాల తేడాలో సగానికి సైన్ కట్టి వర్గం చేసి ఒక పక్కన పెట్టుకోవాలి. రేఖాంశాల తేడాలో సగానికి సైన్ వర్గం కట్టి, దాన్ని రెండు అక్షాంశాల కొసైన్లతోనూ గుణించి మొదటిదానికి కలపాలి. ఆ మొత్తానికి వర్గమూలం తీసి, ఏ కోణానికి అది సైన్ అవుతుందో ఆ కోణాన్ని రేడియన్లలో కనుక్కుని, రెండింతలు చేసి, భూమి సగటు వ్యాసార్ధమైన 6,371 కిలోమీటర్లతో గుణించాలి. మన ఉదాహరణకు ఇలా చేసినా 302 పైచిలుకే వస్తుంది. భూమి పరిపూర్ణమైన గోళం కాదు, భూమధ్యరేఖ దగ్గరి వ్యాసార్ధం ధ్రువాల దగ్గరి వ్యాసార్ధం కంటే 21 కిలోమీటర్లు ఎక్కువ. అందువల్ల ఈ సూత్రంలో అర శాతం దాకా తేడా రావచ్చు, అంటే ఇక్కడ ఒకటిన్నర కిలోమీటరు. ప్రయాణికుడికి ఆ తేడాతో పని లేదు. భూమి కొలతలు వృత్తిగా ఉన్నవారు 1975లో విన్సెంటీ ప్రచురించిన పద్ధతిని వాడతారు.

విమానయానంలో దూరాన్ని నాటికల్ మైళ్లలోనూ, వేగాన్ని గంటకు నాటికల్ మైళ్లలో, అంటే నాట్లలోనూ చెబుతారు. ఒక నాటికల్ మైలు సరిగ్గా 1,852 మీటర్లు. ఇది అక్షాంశంలో ఒక నిమిషానికి సమానంగా ఉండేలా పుట్టిన కొలత కాబట్టి, అక్షాంశాల తేడాను నిమిషాలలోకి మారిస్తే నాటికల్ మైళ్లు వాటంతటవే వచ్చేస్తాయి. 302 కిలోమీటర్లు దాదాపు 163 నాటికల్ మైళ్లు. ఇక మీద సమయం లెక్కంతా ఈ 163 మీదే.

గాలిలో గడిచే సమయం

ప్రాంతీయ మార్గాలలో ఎక్కువగా కనిపించే ఏటీఆర్ 72 రకం ప్రొపెల్లరు విమానం ఎత్తులో నిలకడగా వెళ్లేటప్పుడు దాదాపు 275 నాట్ల వేగం అందుకుంటుంది. 163ను 275తో భాగిస్తే 36 నిమిషాలు. వెతుకులాటలో మనకు దొరికే సమయాలలో చాలా భాగం ఈ ఒక్క భాగహారంతోనే పుట్టినవి. కానీ విమానం రన్‌వే మీద నుంచి లేచిన క్షణం నుంచే 275 నాట్లతో వెళ్లదు.

ఈ ప్రయాణాన్ని మూడు ముక్కలుగా విడగొట్టి చూద్దాం. విమానం 18,000 అడుగుల ఎత్తుకు ఎక్కుతుందనుకుంటే, నిమిషానికి సగటున 1,100 అడుగుల చొప్పున 16 నిమిషాలు పడుతుంది. ఎక్కేటప్పుడు వేగం 190 నాట్ల దగ్గర ఉంటుంది కాబట్టి ఆ 16 నిమిషాలలో 50 నాటికల్ మైళ్లు సాగుతుంది. దిగేటప్పుడు పైలట్లు నోటి లెక్కగా వాడే నియమం ఒకటుంది: ప్రతి వెయ్యి అడుగులు దిగడానికి మూడు నాటికల్ మైళ్లు కావాలి. 18,000 అడుగులకు 54 మైళ్లు. సగటున 240 నాట్ల వేగంతో అది దాదాపు 14 నిమిషాలు. ఎక్కడానికి 50, దిగడానికి 54 పోగా నిలకడగా వెళ్లడానికి మిగిలేది 59 నాటికల్ మైళ్లే, 13 నిమిషాలు. చివరన రన్‌వేకు ఎదురుగా తిరిగి వేగం తగ్గించుకోవడానికి మరో మూడు నిమిషాలు కలిపితే మొత్తం 46 నిమిషాలు అవుతుంది. 302 కిలోమీటర్ల దారిలో విమానం తన అసలు వేగంతో వెళ్లేది మూడో వంతు పైచిలుకు దారి మాత్రమేనన్నది ఈ లెక్కలో నాకు అన్నిటికంటే ముఖ్యంగా కనబడే విషయం.

జెట్ విమానమైతే ఎంత ఆదా అవుతుందన్న ప్రశ్నకు కూడా ఇందులోనే జవాబుంది. చిన్న జెట్‌ల వేగం 450 నాట్ల దగ్గర ఉంటుంది కాబట్టి భాగహారం ప్రకారం 22 నిమిషాలు చాలాలి. అయితే ఆ వేగం దక్కేది 35,000 అడుగుల దగ్గర. అంత ఎత్తు నుంచి దిగడానికే 105 నాటికల్ మైళ్లు కావాలి, ఎక్కడానికి మిగిలిన 58 మైళ్లు సరిపోవు. కాబట్టి జెట్ తక్కువ ఎత్తుకే పరిమితం కావలసి వస్తుంది. పైగా చాలా దేశాలలో 10,000 అడుగుల దిగువన 250 నాట్లు మించకూడదన్న నియమం ఉంది. ఫలితంగా వేగం ఒకటిన్నర రెట్లకు మించి ఉన్నా, ఆదా అయ్యేది కొద్ది నిమిషాలే. దగ్గరి మార్గాలకు విమానయాన సంస్థలు ప్రొపెల్లరు విమానాలనే ఎందుకు ఎంచుకుంటాయో దీన్నిబట్టి అర్థమవుతుంది, ఇంధనం ఎలాగూ తక్కువే అవుతుంది.

ఇలా ముక్కలు చేసే ఓపిక లేనివారికి ఒక దగ్గరి దారి ఉంది. దూరాన్ని నిలకడ వేగంతో భాగించి, ప్రొపెల్లరు విమానానికి పది నిమిషాలు కలపాలి. 36కు పది కలిపితే మనకు వచ్చిన 46 వస్తుంది. జెట్‌కు ఇంకాస్త ఎక్కువే కలపాలి.

గాలిని కూడా లెక్కలోకి తీసుకోవాలి. విమానం వేగం చుట్టూ ఉన్న గాలితో పోల్చి చెప్పే వేగం, నేల మీద దూరం తరిగే వేగం అది కాదు. వెళ్లేటప్పుడు ఎదురైన గాలి వచ్చేటప్పుడు తోడవుతుంది కనుక రెండూ సరికి సరి అవుతాయని చాలామంది అనుకుంటారు. 300 కిలోమీటర్ల దారిలో గంటకు 500 కిలోమీటర్లు వెళ్లే విమానానికి గాలి లేకపోతే రానూ పోనూ 72 నిమిషాలు పడుతుంది. గంటకు 100 కిలోమీటర్ల గాలి ఉంటే వెళ్లేటప్పుడు 400 వేగంతో 45 నిమిషాలు, వచ్చేటప్పుడు 600 వేగంతో 30 నిమిషాలు, మొత్తం 75 నిమిషాలు. ఎదురుగాలిలో విమానం ఎక్కువ సేపు గడుపుతుంది కాబట్టి నష్టం పూర్తిగా పూడదు. గాలి పక్క నుంచి వీచినా కొంత వేగం పోతుంది, ఎందుకంటే విమానం ముక్కును గాలి వైపు కొద్దిగా తిప్పి పెట్టుకుని వెళ్లాలి. ఆబర్డీన్ నుంచి సంబరాకు దారి దక్షిణం నుంచి ఉత్తరానికి ఉంది, ఆ అక్షాంశాలలో గాలులు ఎక్కువగా పడమటి నుంచి వీస్తాయి కనుక అక్కడ ఎక్కువ రోజులు పక్కగాలే. తూర్పు పడమరల మధ్య సాగే మార్గాలలో రానుపోను సమయాలు వేర్వేరుగా ఉండటానికి కారణం ఇదే.

టైమ్‌టేబుల్లో ఉండే సమయం

టికెట్ మీద అచ్చయ్యే సమయం గాలిలో గడిచే సమయం కాదు. దాన్ని బ్లాక్ టైమ్ అంటారు. విమానం నిలిచి ఉన్నప్పుడు చక్రాలకు అడ్డం పెట్టే దిమ్మెలు తీసి కదిలిన క్షణం నుంచి, గమ్యంలో ఆగి మళ్లీ దిమ్మెలు పెట్టే దాకా గడిచేదంతా అందులోకి వస్తుంది. చిన్న విమానాశ్రయంలో రన్‌వే దగ్గరికి చేరడానికి ఏడెనిమిది నిమిషాలు, దిగాక ఆగే చోటికి రావడానికి నాలుగు నిమిషాలు అనుకుంటే, మన 46 కాస్తా 57 లేక 58 అవుతుంది. ఆబర్డీన్, సంబరాల మధ్య టైమ్‌టేబుల్లో కనిపించే సమయం కూడా గంటకు అటూ ఇటూగానే ఉంటుంది. 36తో మొదలైన లెక్క గంట దగ్గరికి వచ్చి ఆగింది.

గాలివాటును బట్టి రన్‌వేకు ఏ కొస నుంచి లేవాలన్నది మారుతుంది. గమ్యానికి వ్యతిరేక దిశలో లేవవలసి వస్తే చుట్టు తిరిగి రావడానికి మూడు నాలుగు నిమిషాలు పోతాయి. దిగడానికి వరుసలో వేచి ఉండవలసి వస్తే విమానం గాలిలో కోడిగుడ్డు ఆకారపు చుట్లు తిరుగుతుంది. 14,000 అడుగుల లోపు ఒక్కో తిన్నని భాగం ఒక నిమిషం, ఒక్కో మలుపు ఒక నిమిషం, కాబట్టి ఒక్క చుట్టుకు నాలుగు నిమిషాలు. సైనిక గగనతలాలను తప్పించుకోవడానికి, నిర్దేశించిన వాయుమార్గాలను అనుసరించడానికి పెరిగే దూరం వేరు. ఎనిమిది గంటల ప్రయాణంలో ఇవేవీ కంటికి ఆనవు, గంట ప్రయాణంలో ప్రతి ఒక్కటీ బరువుగా తోస్తుంది. ఈ ఒడుదుడుకులను తట్టుకోవడానికి సంస్థలు టైమ్‌టేబుల్లోనే కొన్ని నిమిషాలు అదనంగా వేసుకుంటాయి. విమానం చెప్పిన వేళకు పది నిమిషాల ముందు దిగిందంటే అది వేగంగా వచ్చిందని కాదు, ఆ అదనపు నిమిషాలు ఆ రోజు ఖర్చు కాలేదని.

ఈ మార్గాలలో ఒక కొస చూడాలంటే షెట్లాండ్‌కు దక్షిణాన ఉన్న ఆర్క్నీ దీవులకు వెళ్లాలి. అక్కడ వెస్ట్రే, పాపా వెస్ట్రే అనే రెండు దీవుల మధ్య 1967 నుంచి నడుస్తున్న విమాన మార్గం దూరం 2.7 కిలోమీటర్లే. ప్రపంచంలో టైమ్‌టేబుల్ ప్రకారం నడిచే అతి పొట్టి మార్గం అదే. గాలిలో సాధారణంగా ఒకటిన్నర నిమిషం పడుతుంది, గాలి తోడైన రోజు 53 సెకన్లలో కూడా పూర్తయింది. అక్కడ నిలకడ వేగం అన్న మాటకే చోటు లేదు, ఎక్కడం ముగిసేసరికి దిగడం మొదలవుతుంది.

మనం వేసిన లెక్క ఎంత నిజమో సరిచూసుకోవాలంటే విమానాలు తమ స్థానాన్ని ప్రసారం చేసే ఏడీఎస్-బీ సంకేతాల ఆధారంగా పనిచేసే ట్రాకింగ్ సేవలను చూడవచ్చు. ఒకే మార్గంలో పది పదిహేను రోజుల విమానాలకు లేచిన వేళ, దిగిన వేళ రాసుకుని, వాటిని వరుసగా పేర్చి నడిమి అంకెను తీసుకోవాలి. సగటు తీసుకోవద్దు, పొగమంచు కారణంగా గంటసేపు గాలిలో తిరిగిన విమానం ఒక్కటి ఉన్నా సగటు మొత్తం చెడిపోతుంది. నడిమి అంకె మీ లెక్కకు ఐదు నిమిషాల లోపు ఉంటే లెక్క సరైనదే. అంతకు మించి తేడా వస్తే ముందుగా ఏ రకం విమానం ఎగురుతోందో చూడండి, ఎక్కువసార్లు కారణం అక్కడే దొరుకుతుంది.

కాల మండలాలు, ఇంటి నుంచి ఇంటికి

బయలుదేరే వేళ, చేరే వేళ రెండూ ఎక్కడివి అక్కడి స్థానిక సమయాలలోనే అచ్చవుతాయి. రెండు విమానాశ్రయాలూ ఒకే కాల మండలంలో ఉంటే తీసివేత సరిపోతుంది. లేకపోతే ముందు రెండింటినీ ప్రపంచమంతటికీ ఉమ్మడి ప్రమాణమైన సార్వత్రిక సమయం (యూటీసీ)లోకి మార్చాలి. పడమటి వైపు సరిహద్దు దాటే గంటలోపు ప్రయాణాలలో చేరే వేళ బయలుదేరిన వేళ కంటే ముందే ఉన్నట్టు కనబడుతుంది, అది అచ్చు తప్పు కాదు. కాల మండలాల మధ్య తేడా ఎప్పుడూ నిండు గంటలలోనే ఉంటుందని అనుకోకూడదు. భారత్ సార్వత్రిక సమయానికి ఐదున్నర గంటలు ముందుంటే, నేపాల్ ఐదు గంటల 45 నిమిషాలు ముందుంటుంది. వేసవిలో గడియారాలు ముందుకు జరిపే దేశాలలో తేడా ఏడాదికి రెండుసార్లు మారుతుంది కాబట్టి ప్రయాణం చేసే తేదీకి చూసుకోవాలి, లెక్క వేస్తున్న తేదీకి కాదు.

ప్రయాణం మొత్తం ఎంతసేపో తెలియాలంటే బ్లాక్ టైమ్‌కు నేల మీది సమయం కలపాలి. మన ఉదాహరణలో విమానానికి గంట, చెక్-ఇన్‌కూ తనిఖీకీ గంట పైన, దిగాక సామాను అందడానికి పావుగంట, సంబరా నుంచి లెర్విక్‌కు రోడ్డు మీద మరో ముప్పావు గంట. ఆబర్డీన్‌లో ఇంటి నుంచి విమానాశ్రయానికి పట్టే అరగంట కూడా కలిపితే 302 కిలోమీటర్ల ప్రయాణం మూడున్నర గంటలకు చేరుతుంది. అదే దారిలో రాత్రంతా ప్రయాణించే ఓడకు పన్నెండు గంటలకు పైగా పడుతుంది కాబట్టి విమానమే ఇప్పటికీ ఎంతో ముందుంది. కానీ లెర్విక్‌లో మధ్యాహ్నం పన్నెండింటికి ఎవరినైనా కలవాలంటే ఇంటి నుంచి బయలుదేరవలసినది ఎనిమిదిన్నర లోపే, పదకొండుకు దిగే విమానం చూసుకుని పదింటికి కాదు.